పడుకోబెట్టిన గొంతే లేపాలి

1998 వేసవి. మాదాపూర్ నుంచి కొండాపూర్ వెళ్ళే దారిలో, గోడలకు ఇంకా సున్నం వాసన పోని ఒక మేడ మీద, యోగా టీచర్లు కాదలచినవాళ్ళకు నేను అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్ ఇస్తున్న రోజులవి. ఆ మేడ మా సత్సంగానికి ఒక భక్తుడు ఇచ్చినది. కింద భజన మందిరం, పైన మా హాలు. కిటికీలోంచి చూస్తే ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్ళు, వాటి వెనక గుండ్రంగా లేస్తున్న గాజు భవనం. కంపెనీలు వస్తున్నాయని, వాటిలో పనిచేసే పిల్లలకు మెడలూ నడుములూ పట్టేస్తాయని, యోగా నేర్పేవాళ్ళకు మంచి గిరాకీ ఉంటుందని అప్పటికే అందరూ అనుకుంటున్నారు.

రోజూ మధ్యాహ్నం అక్కడ రాళ్ళు పేల్చేవారు. ముందుగా ఒకతను ఎర్రగుడ్డ ఊపుకుంటూ, సీటీ, అంటే ఈల, ఊదుకుంటూ తిరిగేవాడు. సీటీ ఆగిన కాసేపటికి నేల కింద ఎవరో బరువుగా పక్కకు ఒత్తిగిలినట్టు అయ్యేది. ఆ తర్వాతే చప్పుడు. కిటికీ అద్దాలు గలగలలాడేవి. సీటీ వినబడేలోగా క్లాసు ముగిసిపోవాలని, అప్పటికి హాల్లో ఎవరూ పడుకుని ఉండకూడదని నేను నియమం పెట్టాను.

ఆ నియమం వెనక ఉన్న సంగతి చెప్పాలి. మామూలు ట్రైనింగ్‌లో ఆసనం నేర్పుతాం. అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్‌లో మాట నేర్పుతాం. టీచరు నోటితో ఇచ్చే సూచనను మా వృత్తిలో 'క్యూ' అంటారు. ఆసనానికి క్యూ తప్పితే మోకాలు నొప్పి పెడుతుంది, సరిచేయవచ్చు. శవాసనంలో, అంటే ఒంట్లో కదలిక లేకుండా వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడు, అలా కాదు. కళ్ళు మూసుకుని పడుకున్న మనిషి మన గొంతును పట్టుకుని లోపలికి దిగుతాడు. తిరిగి పైకి తీసుకురావడాన్ని 'ఎగ్జిట్' అంటాం. లోపలికి పంపిన గొంతే పైకి పిలవాలి. నిద్రలో జీవుడు తన స్వస్థానానికి వెళ్ళి వస్తాడని, అక్కడ ఉన్నవాణ్ణి అదాటున లేపకూడదని, లేపితే వచ్చిన దారి తప్పుతాడని శాస్త్రం. చిన్నప్పుడు మా తణుకులో సత్సంగం పెద్దలు ఈ మాట చెబితే భయపడ్డాను. వృత్తిలోకి వచ్చాక నమ్మాను.

ఆ బ్యాచ్‌లో అనూరాధ అనే అమ్మాయి ఉండేది. నెల్లూరు పిల్ల. పెళ్ళయి భర్త ఉద్యోగంతో హైదరాబాద్ వచ్చింది. ఆసనాల్లో మరీ అంత గొప్పదేం కాదు గానీ, గొంతు మాత్రం భగవంతుడు ఇచ్చిన వరం. సన్నగా, చిన్నపిల్ల గొంతులా ఉండేది. కానీ హాలు మూలల దాకా వెళ్ళేది. ట్రైనింగ్ ఆఖరున 'ప్రాక్టీస్ టీచింగ్' ఉంటుంది. నిజమైన మనుషులకు, మా కళ్ళముందు, క్లాసు చెప్పాలి. అందుకు చుట్టుపక్కల ఆడవాళ్ళను పిలిచాం. వంటపనులు తెమిలాక పొద్దున పదకొండు దాటుతుండగా వచ్చేవారు.

వాళ్ళలో సత్తెమ్మ ఒకతె. ఊళ్ళో కూరగాయలు అమ్మేది. నోరు ఊరుకోదు.

“ఏంది టీచరమ్మా, పీనుగు లెక్క పండుకునుడు నేర్పిస్తున్నరట? సచ్చినంక ఎట్లనన్న గదే పని గదా. ఇప్పటిసంది అలవాటు చేసుకునుడెందుకు?”

అందరూ నవ్వారు. సత్తెమ్మ వెనకాల నిలబడ్డామె మాత్రం నవ్వలేదు. ఆమె పేరు మల్లమ్మ. వయసులో రాళ్ళు కొట్టిన మనిషి. వేళ్ళు ఇంకా సుత్తి పట్టుకున్నట్టే వంగి ఉండేవి.

“ఈమెకు నిద్ర వట్టదు టీచరమ్మా,” అంది సత్తెమ్మ. “దవాఖానల గోలీలిచ్చిన్రు. గోలీలు పండుకున్నయి గని ఈమె పండుకోలే.”

“కన్ను మూస్తే నీళ్ళు గనవడ్తయి,” అంది మల్లమ్మ. అంతే చెప్పింది.

మొదటి రోజుల్లో ఆమె పడుకున్న కాసేపటికే ఉలిక్కిపడి లేచి కూర్చునేది. చుట్టూ అందరూ కదలకుండా పడుకుని ఉంటే, వాళ్ళ మధ్య ఆమె ఒక్కతే నిటారుగా కూర్చుని కిటికీకేసి చూస్తూ ఉండేది. అనూరాధకు అది పట్టుదలగా మారింది. మల్లమ్మకు ఒక్కసారైనా విశ్రాంతి ఇవ్వగలిగితే తాను టీచరయినట్టే అని వసంతతో అందట. వసంత కూడా ట్రైనీయే. ఒక ఆస్పత్రిలో నర్సుగా చేస్తూ సెలవు పెట్టి వచ్చేది.

ఆ రోజు మల్లమ్మ వస్తూనే చెప్పేసింది. “ఇయ్యాల్టితోని ఆఖరు బిడ్డా. నిద్ర నా రాతల లేదు. ఊకె నిన్ను పరేషాన్ చేసుడెందుకు.”

క్లాసు మామూలుగానే సాగింది. ఆఖరున అందరూ శవాసనంలోకి వెళ్ళారు. ఎప్పటిలాగే మల్లమ్మ రెప్పలు కొట్టుకోసాగాయి. లేవబోయింది. అనూరాధ వెళ్ళి ఆమె తల దగ్గర కూర్చుంది. అప్పటిదాకా అందరికీ కలిపి “మీరు, మీరు” అని చెబుతున్నది, ఈమె ఒక్కదానికే వినబడేలా గొంతు తగ్గించి, పుస్తకం భాష వదిలేసి, సొంత నాయనమ్మతో మాట్లాడినట్టు మాట్లాడింది.

“అవ్వా, ఏం కాదు. నేనుండాను గదా. లోపలికి పో. అవ్వా, ఇంకా లోపలికి పో.”

మల్లమ్మ రెప్పలు ఆగిపోయాయి. వంగిన వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ముఖం మీద ముడతలన్నీ ఎవరో చేత్తో తుడిచేసినట్టు పోయాయి. అనూరాధ నావైపు చూసి కళ్ళతోనే నవ్వింది. నేను కూడా తల ఊపాను.

తర్వాత ఎగ్జిట్. చేతివేళ్ళు కదపమని, కుడిపక్కకు తిరగమని, మెల్లగా లేచి కూర్చోమని చెప్పింది. అందరూ లేచారు. చాపలు చుట్టుకున్నారు. మల్లమ్మ లేవలేదు.

“మల్లమ్మగారూ,” అంది అనూరాధ. మళ్ళీ పిలిచింది. “మల్లమ్మగారూ, అయిపోయిందండీ.”

సత్తెమ్మ నవ్వింది. “ఇన్నొద్దుల నిద్ర బాకీ ఉన్నది గదా, పండుకోనీయిన్రి.”

నేను దగ్గరికి వెళ్ళాను. ఊపిరి ఉందా లేదా అని కాసేపు తెలియలేదు. ఉంది, కానీ ఒకసారి వచ్చాక మళ్ళీ వచ్చేలోపు నాకు భయం వేసేంత ఎడం. వసంత నాడి పట్టుకుంది. “ఉంది మేడమ్. చాలా నెమ్మదిగా ఉంది.” అని, ఆ చేతిని వదలకుండా అరచేయి తిప్పి చూసింది. నాకూ చూపించింది.

మల్లమ్మ వేళ్ళ కొసలు తెల్లబడి, ముడతలు పడి ఉన్నాయి. చాలాసేపు నీళ్ళలో నానిన చేతుల్లాగా. ఒళ్ళంతా మండిపోయే ఎండాకాలం. హాల్లో తాగేనీళ్ళ కుండ తప్ప నీటి చుక్క లేదు. ఆ చేయి పట్టుకుంటే బావి గట్టు తాకినట్టు చల్లగా ఉంది.

అప్పుడు సీటీ వినిపించింది.

సత్తెమ్మ ఆమె భుజం పట్టుకుని ఊపబోతే ఆపాను. “అలా లేపకూడదు.”

“మరి గాడ బండలల్ల తూటా పేలితే ఎట్లమ్మా? గుండె ఆగుతది!”

నా భయమూ అదే. వసంతను కిందకు పంపాను, ఎర్రగుడ్డ అతన్ని కాసేపు ఆగమని బతిమాలమని. ఆమె మెట్లమీద పరిగెత్తుతున్న చప్పుడు వింటూ, అనూరాధను మళ్ళీ పిలవమన్నాను. నువ్వు పంపావు, నువ్వే పిలవాలి అన్నాను.

“అవ్వా,” అంది అనూరాధ. “అవ్వా, లెయ్.”

సత్తెమ్మ గిరుక్కున ఆమెవైపు తిరిగింది. “ఏమని పిలుస్తున్నవు? అవ్వనా? పండుకోబెట్టేటప్పుడు గిట్లనే పిలిచినవా?”

“అవును. మా నాయనమ్మను అట్నే పిలుస్తాం. పెద్దామె గదా అని...”

“అయ్యో పిల్లా!” సత్తెమ్మ చేయి నోటి మీదకు వెళ్ళింది. “మా దిక్కు అవ్వంటే అమ్మ. కన్నతల్లి. ఈమెను అవ్వ అని పిలిచేది ఒక్కతే ఉండె. యాదమ్మ. క్వారీ గుంతల నీళ్ళల్ల వడి పోయింది. మస్తేండ్లాయె. గా పిల్ల గొంతు గూడ గిట్లనే సన్నగ ఉండె.”

నేను నెల్లూరు మాట, తెలంగాణ మాట రెండూ ఎరుగుదును. అయినా ఆ రెండు అర్థాలూ ఒక మనిషి చెవిలో ఇలా కలుస్తాయని ఊహించలేదు. కళ్ళు మూసుకున్న తల్లికి, నీళ్ళు తప్ప ఏమీ కనిపించని చోట, సన్నటి గొంతు ఒకటి వినిపించింది. “అమ్మా, లోపలికి పో” అంది. ఆమె వెళ్ళింది. ఆ తర్వాత “మల్లమ్మగారూ” అని ఎవరు పిలిస్తే మాత్రం ఆమెకేం పని?

బయట సీటీ ఆగింది.

వసంత అతన్ని అందుకోలేదని అర్థమైంది. సీటీ ఆగాక మిగిలేది కాసేపే. అనూరాధ నోరు తెరిచింది. పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. ఆమెకు గొంతు పూర్తిగా పోయింది. నేను మల్లమ్మ పాదాల దగ్గర కూర్చుని కళ్ళు మూసుకుని నామం పట్టుకున్నాను. ఈశ్వరా, పంపినవాళ్ళకు పిలిచే శక్తి లేదు, నువ్వే పిలువు అన్నాను. అంతకన్నా గొప్ప ప్రార్థన ఆ క్షణంలో నాకు తట్టలేదు.

అప్పుడు విన్నాను. సన్నగా, స్పష్టంగా.

“అవ్వా, ఆకలైతాందే. లే.”

మల్లమ్మ కళ్ళు తెరిచింది. ఉలికిపాటు లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టి మరచిపోయిన మనిషి లేచినట్టు లేచి కూర్చుంది. “వస్తున్న బిడ్డా,” అంది. చేతుల మీద బరువు మోపి నిలబడింది. ఆమె నిలబడ్డాక నేల కింద ఆ బరువైన కదలిక వచ్చింది. చప్పుడు వచ్చింది. అద్దాలు గలగలలాడాయి. పైకప్పు నుంచి సన్నటి సున్నపుపొడి మా అందరి తలల మీద రాలింది.

మల్లమ్మ ఒకసారి హాలంతా చూసుకుని, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, సత్తెమ్మ చేయి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేను అనూరాధను దగ్గరికి తీసుకున్నాను. “ఎంత మంచి మాట దొరికిందమ్మా నీకు,” అన్నాను. “తల్లిని లేపడానికి అంతకన్నా ఏం కావాలి?”

ఆమె నన్ను విడిపించుకుని నా ముఖంలోకి చూసింది. “నేను అనలా మేడమ్.”

“మరి?”

“నాకు నోరు రాలా. మీరు చూశారు గదా. నేను మీరే అన్నారనుకున్నా.”

నేను అనలేదు. నా నోట్లో భగవన్నామం ఉంది. వెళ్ళబోతున్న మిగతా ఆడవాళ్ళను అడిగాను. అందరూ విన్నారు. అందరూ అనూరాధే అనుకున్నారు. నేను ఆ మాటను మళ్ళీ మనసులో అనుకుని చూశాను. నెల్లూరు పిల్లకు ఆకలి వేస్తే 'ఆకలేస్తా ఉంది' అంటుంది. 'ఆకలైతాందే' అనదు. పెద్దామెను 'అవ్వా' అని పిలిచి, మాట చివర 'ఏ' కలిపి గారాలు పోదు. అలా మాట్లాడేది ఈ మట్టిలో పుట్టిన, చిన్న వయసు పిల్ల. ఆ హాల్లో అటువంటి పిల్ల ఎవరూ లేరు.

ఆదివారానికల్లా ఈ సంగతి మా సత్సంగంలో మహిమగా మారిపోయింది. ఒకరు హాల్లో గజ్జెల చప్పుడు వినబడిందన్నారు. ఇంకొకరు వెలుగు కనబడిందన్నారు. నేను లేచి, అవేమీ లేవని, ఒక పిలుపు వినబడింది, ఒక తల్లి లేచింది, అంతే అని చెప్పాను. దైవానికి మనం గజ్జెలు తొడగనక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితేనే నమ్మకం నిలుస్తుందని నా నమ్మకం. తర్వాత ఒక డాక్టరు సత్సంగానికి వచ్చి, భయంలో మనసు శబ్దాలు సృష్టిస్తుందని మర్యాదగా వివరించాడు. సృష్టిస్తుందేమో. అందరి మనసులూ కలిసి ఒకే మాట, అదీ తెలంగాణ యాసలో, ఎలా సృష్టించాయో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

కానీ నేను చెప్పదలచుకున్నది ఆ పిలుపు గురించి కాదు. అది వినబడిన మర్నాటి సంగతి.

మర్నాడు మల్లమ్మ వస్తుందని ఎవరమూ అనుకోలేదు. అనూరాధ అయితే, తనకు టీచరు ఉద్యోగం వద్దని, ఇంక ఎవరినీ పడుకోబెట్టనని, సామాను సర్దుకుని కూర్చుంది. మేము నచ్చజెబుతుండగా మల్లమ్మ మెట్లెక్కి వచ్చింది. చేతిలో మూత పెట్టిన స్టీలు గిన్నె. వెనక సత్తెమ్మ. మల్లమ్మ నేరుగా అనూరాధ ముందుకు వచ్చి కింద కూర్చుని మూత తీసింది. జొన్నరొట్టెలు, పుంటికూర, అంటే మన గోంగూర.

“తిను బిడ్డా.”

అనూరాధ ఏడుపు ఆపుకుంటూ అంది, “అవ్...” అని, ఆగి, “మల్లమ్మగారూ, నిన్న పిలిచింది నేను కాదు.”

“నువ్వు కాదని నాకు తెల్వదా? నవమాసాలు మోసిన. నా పిల్ల గొంతు నాకు తెల్వకుంటదా?”

మల్లమ్మ రొట్టె తుంచుతూ, తల ఎత్తకుండా చెప్పసాగింది.

“ఆ దినం గూడ గట్లనే వచ్చింది. రాళ్ళు కొడ్తున్న. 'అవ్వా, ఆకలైతాందే' అన్నది. మేస్త్రి సూస్తున్నడు. 'పో, జరసేపు ఆడుకో పో' అన్న. పో అన్న గని, మల్ల రా అనలే. గుంత దిక్కు పోయింది. ఈ ముచ్చట ఇంతదాంక ఎవ్వలికి చెప్పలే. మా ఇంటాయన పోయేదాంక ఆయనకు గూడ చెప్పలే.”

సత్తెమ్మ ముఖం చూశాను. ఆమెకూ తెలియదు. ఇన్నేళ్ళూ పక్కింట్లో ఉన్న మనిషికి తెలియని మాట, నిన్న మా హాల్లో అందరమూ విన్నాం.

“నిన్న నువ్వు పో అన్నవు గదా,” అంది మల్లమ్మ అనూరాధతో. “పోయిన. పిల్ల నీళ్ళ కాడ కూసున్నది. పక్కకు పోయి కూసున్న. ఇగ నేను రానని చెప్పిన. సల్లగ ఉండె, మంచిగ ఉండె. మీరంత పిలుస్తనే ఉన్నరు, వినవడ్డది. ఎవ్వలో ఎవ్వలినో పిలుస్తున్నరనుకున్న. గప్పుడు గదే లేపింది. ఆకలన్నది.” తుంచిన ముక్కను వేళ్ళతో మడిచింది. “ఈసారి పో అంటనా? లేచిన.”

రొట్టె ముక్కకు కూర అద్ది అనూరాధ నోటి దగ్గర పెట్టింది.

“ఆకలని అడిగినంక ఎవ్వలికో ఒగలికి పెట్టాలె గదా. ఆమెకెట్ల పెడ్త? నువ్వు తిను.”

అనూరాధ తిన్నది. ఏడుస్తూనే గిన్నె ఖాళీ చేసింది. మల్లమ్మ ఒక్కొక్క ముద్దా గొంతు దిగేదాకా చూస్తూ కూర్చుంది.

సత్తెమ్మే చివరకు తేరుకుని అడిగింది. “అయితే మల్లక్కా, ఇగ ఈడికచ్చి పండుకోవా?”

“పిల్ల ఆకలితోని ఉంటే తల్లి పగటీలి పండుకుంటదానే? పని లేదా నాకు?” గిన్నె మీద మూత పెడుతూ లేచింది. “రాత్రి వట్టింది నిద్ర. మంచిగ వట్టింది.”

ఆమె మళ్ళీ మా హాల్లో పడుకోలేదు. కానీ ఆ బ్యాచ్ ముగిసేదాకా రోజూ గిన్నెతో వచ్చేది. ఒకరోజు వసంతకు, ఒకరోజు కింద భజన మందిరం ఊడ్చేవాళ్ళకు, ఒకరోజు ఆ ఎర్రగుడ్డ అతనికి. ఎవరికి పెట్టినా తినేదాకా కూర్చునేది. అనూరాధ ట్రైనింగ్ పూర్తిచేసింది. మంచి టీచరయింది.

ఆ వేసవి తర్వాత నేను ట్రైనీలకు క్యూ నేర్పే పద్ధతి మార్చాను. ఇంగ్లిష్ పుస్తకాల్లో రాసినదాన్ని చూసి 'ఇంకా లోపలికి వెళ్ళండి' అని ఊరుకోవడం నా దగ్గర కుదరదు. మనం గడప దాటేటప్పుడు పోతానని అనం, పోయొస్తానంటాం. పడుకున్న మనిషికీ అదే మర్యాద దక్కాలి. 'వెళ్ళి రండి' అనాలి. అలాగే ఎవరినైనా పడుకోబెట్టే ముందు, ఇంట్లో మిమ్మల్ని ప్రేమగా ఏమని పిలుస్తారని అడగమంటాను. ఆ పిలుపు వాడటానికి కాదు, వాడకుండా ఉండటానికి. అది మనది కాదు. ఎవరిదో వాళ్ళకే వదిలేయాలి.

ఇంకొక అలవాటు కూడా మిగిలింది. క్లాసు అయిపోయి అందరూ వెళ్ళాక, తాళం వేసేముందు ఖాళీ హాల్లోకి చూసి, “ఎవరికైనా ఆకలిగా ఉందా?” అని అడుగుతాను. నా శిష్యురాళ్ళు మెట్ల మీద నిలబడి నవ్వుకుంటారు. నవ్వనిస్తాను. జవాబు వస్తుందేమోనని కాసేపు ఆగి, అప్పుడే తలుపు దగ్గరగా వేస్తాను.